కొత్త సంవత్సరం లక్ష్యాలు రాసుకోవడానికి మా నాన్న ఆవర్జా పద్ధతి

జనవరి ఒకటిన ఏమేం సాధించాలో రాసుకునే ముందు, ఎవరెవరికి ఏమేం బాకీ ఉన్నారో రాసుకోండి. నేను చెప్పేది డబ్బు బాకీ గురించి కాదు. వస్తానని చెప్పి వెళ్లని ఊరు, నేర్పుతానని నేర్పని లెక్క, చూపిస్తానని వాయిదా వేస్తూ వస్తున్న కంటి డాక్టరు, తీసుకెళ్తానన్న గుడి, మళ్లీ చేస్తానని చేయని ఫోను. లక్ష్యాల జాబితా ఇక్కడి నుంచి మొదలుపెడితే సగం పని అయినట్టే. ఇది మా నాన్న పద్ధతి. ఆవర్జా అంటే కొట్లో మనిషికో పేజీ ఉండే లెక్కల పుస్తకం.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా పనిచేసి మానేశారు. ఇప్పుడు ఎనభై దాటాయి, బ్రాడీపేటలో మాతోనే ఉంటారు. ఆయనది పెద్ద ఉద్యోగం కాదు, వెనకేసిన ఆస్తీ లేదు. కానీ ఆయన మాట ఇచ్చి తప్పారని అనే మనిషి నాకింతవరకు ఎదురు కాలేదు. యార్డులో హమాలీల దగ్గర్నుంచి నరసరావుపేటలో మా మేనత్తల దాకా అందరికీ ఆయనంటే ఒక ధైర్యం. నిండుగా బతకడమంటే నా లెక్కలో ఇదే. దీని వెనక ఒక పుస్తకం ఉంది. ఏడాది చివర్లో పురుగుమందుల కంపెనీల వాళ్లు, బ్యాంకుల వాళ్లు కొట్టుకు డైరీలు పంచేవారు. అందులో ఒకటి ఇంటికి తెచ్చుకుని, లోపల అచ్చేసిన తేదీలతో పని లేకుండా తన పద్ధతిలో రాసుకునేవారు.

నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దస్తమానం లెక్కల మధ్యే ఉంటాను కాబట్టి ఆ పుస్తకం ఎంత పకడ్బందీగా ఉందో నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో చేరే కుర్రపిల్లలు డిసెంబరు వచ్చేసరికి ఫోన్లలో యాప్‌లు వేసుకుని లక్ష్యాలు పెట్టుకుంటారు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి అవి మూలపడతాయి. వాళ్లకు విడతలు విడతలుగా చెప్పిందే ఇక్కడ ఒక చోట రాస్తున్నాను.

చిట్టా కాదు, ఆవర్జా తెరవండి

కొట్లో ముఖ్యంగా రెండు పుస్తకాలుంటాయి. చిట్టా రోజువారీది. ఆ రోజు ఏది ముందు జరిగితే అది ముందు రాస్తారు. ఫలానా రైతు సరుకు ఇన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ధర ఇంత, కాటా కూలి ఇంత, ఇచ్చిన రొక్కం ఇంత. ఆవర్జాలో మనిషికో పేజీ ఉంటుంది. చిట్టాలోంచి ఎవరి పద్దు వాళ్ల పేజీకి ఎత్తి రాస్తారు. ఆ పేజీ తీస్తే చాలు, మనం అతనికి ఎంత ఇవ్వాలో, అతను మనకు ఎంత ఇవ్వాలో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు మనం పెట్టుకుంటున్న కొత్త సంవత్సరం లక్ష్యాలన్నీ చిట్టా పద్ధతిలో ఉన్నాయి. రోజూ నడక, రోజూ పది పేజీల చదువు, రోజూ పొద్దున ఐదింటికి లేవడం. రోజు తప్పితే అక్కడ ఖాళీ కనపడుతుంది. రెండు ఖాళీలు పడితే మనసు విరిగిపోతుంది, మూడో రోజు పుస్తకం తెరవబుద్ధి కాదు. తర్వాత ఆరంభశూరత్వం అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆవర్జాకి ఈ బాధ లేదు. అది ఏ రోజు తప్పారని అడగదు, ఇంకా ఎంత నిల్వ ఉందని మాత్రమే అడుగుతుంది. జనవరి అంతా ఏమీ చేయకపోయినా ఫిబ్రవరిలో కొంత తీర్చవచ్చు, ఆషాఢంలో ఇంకొంత తీర్చవచ్చు. బాకీ తగ్గిందా లేదా అన్నదొక్కటే లెక్క.

అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. పేజీ నెత్తిన ఒక మనిషి పేరు రాయండి. పేజీని నిలువుగా మడవండి. ఎడమ పక్క తీర్చాల్సింది, కుడి పక్క తీర్చింది. నాన్న పుస్తకంలో ఏ ఏడాది చూసినా పేర్లు ఏడెనిమిదికి మించవు. అంతకన్నా ఎక్కువ రాస్తే అది పెళ్లి శుభలేఖల జాబితా అవుతుంది కానీ పని జరగదు.

ఎడమ పక్క రాసేటప్పుడు వివరంగా రాయాలి. "తమ్ముడితో బాగుండాలి" అనేది పద్దు కాదు. "మే నెలలో తమ్ముడి ఇంటికి వెళ్లి ఒక రాత్రి ఉండాలి" అనేది పద్దు. "అమ్మ ఆరోగ్యం" పద్దు కాదు, "ఎండలు ముదరకముందే అమ్మకు కంటి ఆపరేషన్" పద్దు. చదివిన మనిషికి ఇది తీరిందో తీరలేదో వాదన లేకుండా తెలియాలి.

సిగరెట్లు అమ్మ పేజీలో ఎందుకు రాశారు

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. కొంచెం నిదానంగా చెబుతాను.

మిర్చి యార్డులోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు గేటు దగ్గరే దగ్గడం మొదలుపెడతారు. సీజన్లో ఆ ఘాటు చుట్టుగుంట రోడ్డు మీదికే తగులుతుంది. అందులో రోజంతా పనిచేసే మనిషికి సిగరెట్ కూడా తోడైతే రాత్రిళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. నాన్న మంచం మీద లేచి కూర్చుని దగ్గేవారు. అమ్మ లేచి వేడినీళ్లు పెట్టేది. పొద్దున్నే నాలుగున్నరకు అమ్మ పని మొదలు. ఆవిడకు సరైన నిద్ర ఉండేది కాదు.

మానేయాలని నాన్నకూ ఉంది. డాక్టరు చెప్పారు, కొట్టు యజమాని చెప్పారు. "సిగరెట్ మానాలి" అని తన పేరు మీద రాసుకున్నంత కాలం అది జరగలేదు. మన బాకీ మనకే అయితే మాఫీ చేసేసుకోవడం క్షణంలో పని. ఒక జనవరిలో ఆయన అమ్మ పేరుతో ఉన్న పేజీ తీసి, ఎడమ పక్క "రాత్రి దగ్గు లేకుండా నిద్ర" అని రాశారు. సిగరెట్ అన్న మాటే లేదు. తను అమ్మకి ఇవ్వాల్సింది నిద్ర. అది ఇవ్వడానికి ఏమేం చేయాలో దాని కింద చిన్నగా రాశారు. కొట్లో ముక్కుకి తడి తువ్వాలు కట్టుకోవడం. ఇంటికి రాగానే ఆ బట్టలు పెరట్లోనే విప్పి, స్నానం చేసి లోపలికి రావడం. రాత్రి భోజనం తర్వాత సిగరెట్ లేదు. ఆ తర్వాత పొద్దున టీతో తాగేది లేదు. ఒక్కోటి ఒక్కో నెలలో.

కుడి పక్క ఆయన ఏమీ రాయలేదు. పుస్తకం అమ్మకిచ్చి, "నువ్వు బాగా నిద్రపోయిన రోజు ఇందులో ఒక గీత పెట్టు" అన్నారు. "నాకెందుకండీ ఈ లెక్కలు" అంది అమ్మ. కానీ పెట్టింది. ఆ పేజీ నేను చూశాను. మొదట్లో గీతలు ఎక్కడో ఒకటి. మధ్యలో చాలా చోటు ఖాళీ, అప్పుడు మిర్చి సీజన్ బాగా నడుస్తోంది. వర్షాకాలానికి వచ్చేసరికి గీతలు ఒకదాని మీదొకటి ఇరుక్కుని ఉన్నాయి, పేజీ చాల్లేదు.

ఇందులో పట్టుకోవాల్సినవి రెండున్నాయి. మీ లక్ష్యం ఏదైనా సరే, అది తీరితే లాభపడే రెండో మనిషి ఎవరో వెతకండి. దాన్ని ఆ మనిషి పేజీలో, ఆ మనిషికి అందేదేమిటో ఆ మాటల్లో రాయండి. బరువు తగ్గాలనుకుంటున్నారా? మూడో అంతస్తులో ఉంటున్న కూతురింటికి ఆగకుండా మెట్లెక్కి వెళ్లడం ఆమె పేజీలో రాసుకోవచ్చు. డబ్బు పొదుపు చేయాలనుకుంటున్నారా? ఏ పిల్లవాడి ఏ ఫీజు కోసమో వాడి పేజీలో రాయండి. రెండోది, తీరిందని చెప్పే హక్కు తీసుకున్న మనిషికి వదిలేయండి. కొట్లో కూడా అంతే కదా, డబ్బు ముట్టిందని సంతకం పెట్టాల్సింది రైతు.

అయితే ఆ మనిషికి ముందే చెప్పాలి. చెప్పకుండా రహస్యంగా రాసుకుంటే ఈ పద్ధతికి పట్టు ఉండదు.

ముందు మీ సీజన్ ఏదో గుర్తుపెట్టుకోండి

మిరపకాయ కొత్త సరుకు సంక్రాంతి వేళకు రావడం మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అంతా యార్డులో ఊపిరి సలపదు. తేజ, 334, 341, బ్యాడిగి అని రకాల వారీగా సంచులు గుట్టలు పడతాయి. లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు. సెలవుల తర్వాత ఎక్కువగా ఏసీ సరుకు, అంటే రైతులు కోల్డ్ స్టోరేజీల్లో దాచుకున్నది అమ్మకానికి వస్తుంది. ఆ రోజుల్లో పని ఉన్నా ఒత్తిడి తక్కువ.

కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాన్న పుస్తకంలో పెద్ద పనులేవీ ఉండవు. ఉత్తరం రాయడం, ఒకరికి కబురు పెట్టడం, కొట్టు నుంచి వచ్చే దారిలో అయిపోయేవి మాత్రమే. ప్రయాణాలు, ఆపరేషన్లు, ఇంటి రిపేర్లు, తగాదాలు తెంచుకోవడం, అన్నీ మే నెలకు. చదువు చెప్పడం లాంటి నెలల తరబడి సాగేవి జూన్ తర్వాతకు.

మీరు కూడా లక్ష్యాలు రాసేముందు ఒక కాగితం మీద పన్నెండు గళ్లు గీసి, మీకు తలప్రాణం తోకకొచ్చే నెలలు ఎర్ర పెన్నుతో కొట్టేయండి. నాకైతే జులై పనికిరాదు, నెలాఖరుకు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌ల గడువు. సెప్టెంబరు పనికిరాదు, ఆడిట్ రిపోర్టులు. ప్రతి నెలా 11, 20 తేదీలకు ముందు రెండు మూడు రోజులు జీఎస్టీ హడావిడి. బడిలో టీచరుకి ఫిబ్రవరి, మార్చి పోతాయి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే తల్లికి కూడా అవే నెలలు. ఏప్రిల్, మే వస్తే ఆవకాయ, వడియాల పని. దసరా ముందు ఇల్లు దులపడం. ఆడవాళ్లు ఇంటి పనిని సీజన్‌గా లెక్క వేసుకోరు, వేసుకోవాలి.

ఎండను కూడా లెక్కలో పెట్టుకోవాలి. గుంటూరులో మే నెలలో పొద్దున ఏడు దాటాక నడవడం ఆరోగ్యం కోసం అనిపించుకోదు. ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాళ్లను చూడండి, ఆ నెలలో చీకటి ఉండగానే వచ్చి వెళ్లిపోతారు. నడక మొదలుపెట్టడానికి మన వైపు మంచి కాలం నవంబరు. జనవరిలో మొదలెట్టినా ఫర్వాలేదు కానీ, ఏప్రిల్ వచ్చాక వేళ మార్చుకుంటానని ఇప్పుడే పక్కన రాసుకోండి.

చీటీ చదవడం నేర్చుకున్న హమాలీ

నాన్న పేజీల్లో ఇంటివాళ్ల పేర్లే కాదు, యార్డు వాళ్ల పేర్లూ ఉండేవి. ఒక ఏడాది ఒక హమాలీ ఆయన దగ్గరికొచ్చి, "గుమస్తా గారూ, నాకు నా కూలి చీటీ చదువుకోవడం వస్తే చాలయ్యా" అన్నాడు. సరేనన్నారు. అతని పేరు మీద పేజీ తెరిచారు. "చీటీ చదవగలగాలి" అన్నది పద్దు.

ఎవరైనా అయితే అ ఆ ఇ ఈ దగ్గర మొదలుపెడతారు. నడివయసు మనిషి, రోజంతా మూటలు మోసి అలిసిపోయి ఉంటాడు, పలక పట్టుకుని కూర్చోమంటే ఎన్నాళ్లు కూర్చుంటాడు? నాన్న ముందు అంకెలు నేర్పారు, ఎందుకంటే అతనికి కావాల్సింది అంకెలు. కాటా వేసినప్పుడల్లా ఒక్క నిమిషం ఆపి, "ఇదెంతయ్యా?" అని అడిగేవారు. అంకెలు పట్టుబడ్డాక అతని పేరు. ఆ తర్వాత పుస్తకం ఏదీ కొనలేదు. సంచుల మీద రాసి ఉండే రైతుల పేర్లు, ఊళ్ల పేర్లే పాఠాలు. ప్రత్తిపాడు, మేడికొండూరు, ఫిరంగిపురం. మూట భుజానికెత్తుకునే ముందు దాని మీదున్న పేరు చదవాలి, అంతే. వేరే సమయం కేటాయించాల్సిన పని లేకుండా పోయింది. రోజూ చేసే పనిలోనే చదువు కలిసిపోయింది.

ఆ మనిషి తర్వాత తన చీటీ తనే చదువుకున్నాడు. మిగతావాళ్ల చీటీలు కూడా చదివి పెట్టేవాడు. నాన్న పుస్తకంలో ఆ పేజీ కుడి పక్కన కింద, వంకరటింకర అక్షరాలతో అతని పేరు ఉంది. అతనే రాశాడు.

కొత్త విద్య ఏదైనా నేర్చుకోవాలని, నేర్పాలని రాసుకునేవాళ్లు ఈ పద్ధతి పట్టుకోండి. ఆ విద్య మొత్తంలో వెంటనే అవసరమైన ముక్క ఏది? అది రోజూ చేసే ఏ పనిలో ఇమిడిపోతుంది? ఇంగ్లిష్ నేర్చుకోవాలనుకున్న మా ఆఫీసు అమ్మాయికి నేను ఇదే చెప్పాను. వ్యాకరణం పుస్తకం పక్కన పెట్టి, క్లయింట్లకు పంపే మెయిళ్లలో రోజుకొకటి సొంతంగా రాయమన్నాను. ఆమె పేజీలో నేను బాకీ ఉన్నది ఆ మెయిల్ పంపేముందు చదివి దిద్దడం.

ఏడాదికి సరిపోని పనులు

కొన్ని పనులు ఏడాదిలో తెమిలేవి కావు. వాటిని ఏటేటా రాసుకుంటూ, ఏటేటా తీరలేదని దిగులు పడడం మంచిది కాదు.

నాన్న పుట్టింది గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రిలో. మా నాయనమ్మ ఆ డాక్టరమ్మ కథ మళ్లీ మళ్లీ చెప్పేదట. అన్నా సారా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చారు. ఆమెను పంపిన లూథరన్ మిషన్ వాళ్లు మొదట పంపింది వైద్యం చేయడానికి కాదు, ఆడవాళ్లకు చదువు చెప్పే పనికి. ఆమె ఆ పని చేస్తూనే తన దగ్గరికి వచ్చిన రోగులను చూశారు. రెండేళ్ల తర్వాత గానీ డాక్టరుగా పనిచేయడానికి అధికారికంగా ఒప్పుకోలేదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది 1898లో. వచ్చిన పదిహేనేళ్లకు. 1930లో గుంటూరులోనే కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

నాయనమ్మ ఈ కథ చెప్పేది ఆవిడ గొప్పదనం కోసం. నాన్న దీన్ని ఇంకో రకంగా వాడుకున్నారు. ఆసుపత్రి అనే మాట మనసులో ఉంచుకుని, ఈ ఏడాది రోగిని చూడడం వరకే పద్దు రాయాలని ఆయన అర్థం చేసుకున్నారు. నా చదువు సంగతి అలాగే నడిచింది. "అమ్మాయిని బీకాం చదివించాలి" అని ఆయన ఎక్కడా రాయలేదు. ఒక ఏడాది నా పేజీలో "ఇంటర్ ఫీజు, సంక్రాంతి లోపు" అని ఉంది. ఇంకో ఏడాది "టేబుల్ లైటు". ఆ తర్వాతది "టైపు ఇన్‌స్టిట్యూట్". ఇల్లు కట్టాలి, పిల్లకు పెళ్లి చేయాలి, పొలం విడిపించుకోవాలి, ఇలాంటివి మీకుంటే పుస్తకం చివరి అట్ట లోపల రాసుకోండి. లోపలి పేజీల్లో ఈ ఏడాది ముక్క మాత్రమే ఉండాలి.

నేను చేసిన ఒక మార్పు

నాన్న పద్ధతిలో సొంత ఖాతా లేదు. ఆయనకది సరిపోయింది. పొద్దున లేచి ముందు తన పని, తన కొట్టు చూసుకునే మగవాడికి, ఇంకొకరికి ఏం బాకీ ఉన్నానని అడిగే పుస్తకం కావాలి. మా అమ్మలాంటి మనిషికి అదే పుస్తకం ఇస్తే ఏం జరుగుతుంది? ఆవిడ జీవితమంతా ఇతరుల పద్దులే. ఇంకో ఎనిమిది పేజీలు చేరతాయి, అంతే. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే ఆడవాళ్లు ఈ పద్ధతి పాటించాలనుకుంటే మొదటి పేజీ సొంత పేరుతో తెరవాలి. ఇది నా గట్టి అభిప్రాయం. నాన్నతో కూడా వాదించాను, ఆయన ఒప్పుకున్నారు.

అమ్మ చేత ఆ పేజీ రాయించడం మాత్రం తేలిక కాలేదు. "నాకేం కావాలి, మీరంతా బాగుంటే చాలు" అనేది. చాలాసార్లు అడగ్గా ఒక మాట బయటపెట్టింది. తెనాలిలో ఉన్న మా పిన్ని ఇంటికి ఎవరి తోడూ లేకుండా ఒంటరిగా రైల్లో వెళ్లి రావాలట. గుంటూరు నుంచి తెనాలి ఎంత దూరమని! కానీ ఆవిడ ఎప్పుడూ టికెట్ కొనలేదు, ప్లాట్‌ఫారం వెతుక్కోలేదు. నాన్నో, అన్నయ్యో ముందు నడిస్తే వెనక నడిచింది.

దాన్ని ముక్కలు చేసి రాశాం. మొదటిసారి నేను పక్కనే ఉన్నాను, కానీ టికెట్ అమ్మే తీసుకుంది. ఆ తర్వాత అదే రైల్లో నేను వేరే పెట్టెలో కూర్చున్నాను. వేజెండ్ల, సంగంజాగర్లమూడి, అంగలకుదురు, స్టేషన్ల పేర్లు కాగితం మీద వరసగా రాసుకుని ఒక్కోటీ దాటగానే కొట్టేసుకుందట. ఆ తర్వాత ఒక్కతే వెళ్లింది. పిన్ని ఇంట్లో రెండు రోజులుండి, ఒక్కతే తిరిగొచ్చింది. కుడి పక్క "చెల్లు" అని అమ్మే రాసుకుంది. అప్పట్నుంచి తెనాలి వెళ్లాలంటే ఎవరినీ అడగదు.

పండగలకు సరిచూసుకోవడం

వారం వారం లెక్క చూసుకోమని నేను చెప్పను. ఆవర్జాకి అంత తరచుగా చూడాల్సిన అవసరం లేదు. నాన్న మూడుసార్లు చూసేవారు. ఉగాదికి కొట్లో కొత్త పుస్తకాలకు పసుపు రాసి పూజ చేసే రోజున ఇంట్లో ఈ పుస్తకం కూడా తీసేవారు. తర్వాత వినాయక చవితికి. తర్వాత దీపావళికి. పండగ కాబట్టి ఇంట్లో అందరూ ఉంటారు, ఎవరి పేజీ వాళ్ల ముందే తెరవవచ్చు. నీళ్లు నమలడానికి వీలుండదు.

ఆ రోజు ఒక్కో పేజీకి మూడింటిలో ఒకటి జరగాలి. తీరిందని వాళ్ల చేత రాయించుకోవాలి. లేదా ఏ నెలలో తీరుస్తామో కొత్త గడువు రాయాలి. లేదా రద్దు చేయాలి. రద్దు చేయడం తప్పేమీ కాదు, వ్యాపారంలో కూడా రాని బాకీలు కొట్టేస్తారు. కానీ నాన్నకొక కట్టుబాటు ఉండేది. ఆ మనిషికి ముఖాముఖి చెప్పకుండా ఏ పద్దూ కొట్టేయకూడదు. "బావగారూ, ఈ ఏడాది మీ ఇంటికి రాలేకపోతున్నాను, మీరే రండి" అని చెప్పి కొట్టేయాలి. మనలో చాలామంది చెప్పకుండా ముఖం చాటేస్తాం. అసలు బాకీ కన్నా ఆ చాటేయడమే ఎక్కువ దూరం పెంచుతుంది.

ఆయన పుస్తకంలో ఒకే ఒక్క పద్దు చాలా ఏళ్లపాటు పేజీ నుంచి పేజీకి మారుతూ వచ్చింది. మా బాబాయితో పొలం గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ప్రతి జనవరిలో బాబాయి పేరుతో పేజీ తెరిచేవారు, ఎడమ పక్క "మాట్లాడాలి" అని రాసేవారు, కుడి పక్క ఖాళీ. కొట్టేయడానికి వీల్లేదు, ఎందుకంటే కొట్టేయాలన్నా వెళ్లి చెప్పాలి కదా. చివరికి ఒక మే నెలలో, యార్డు సెలవుల్లో, మామిడిపళ్ల బుట్ట తీసుకుని బస్సెక్కారు. "ఏందన్నయ్యా, ఇంత ఎండలో వచ్చావు" అని బాబాయి బుట్ట అందుకున్నాడట. గట్టు గురించి ఆ రోజు ఇద్దరూ ఎత్తలేదు. ఆ తర్వాతి ఏడాది పేజీలో వివరం మారింది, "తమ్ముడి కూతురి పెళ్లికి బియ్యం" అని ఉంది.

తీరని పద్దు కొత్త పుస్తకానికి ఎత్తి రాసేటప్పుడు పాతది పాతగానే రాయకండి. ఏడాది పాటు కదల్లేదంటే అది మనకు ఎత్తలేనంత పెద్దదైనా అయి ఉండాలి, తప్పు నెలలోనైనా పడి ఉండాలి. చిన్నది చేయండి, లేదా నెల మార్చండి. "మాట్లాడాలి" అన్నది "మే నెలలో పళ్లు తీసుకెళ్లాలి" అయితే కాళ్లు కదులుతాయి.

ఇప్పుడు నాన్న చెయ్యి వణుకుతోంది కాబట్టి ఆయన పుస్తకం నేను రాస్తున్నాను, ఆయన చెబుతారు. ఈసారి పేర్లు నాలుగే. మీరు కూడా మొదటి ఏడాది అంతకు మించి పెట్టుకోవద్దు. డిసెంబరు ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఖాళీ ఉంచుకోండి. ముందు పన్నెండు గళ్ల కాగితం, తర్వాత పేర్లు, ఆ తర్వాత పద్దులు. రాయడం అయిపోగానే, పుస్తకం మూయకముందే, ఆ నలుగురికీ ఫోన్ చేసి ఎవరి పద్దు వాళ్లకు చదివి వినిపించండి. ఎవరైనా "నాకది కాదు, ఇది కావాలి" అంటే అక్కడే కొట్టేసి, వాళ్లు చెప్పినట్టు రాయండి.